రూగా

వెనిస్‌లో పొద్దున్న ఆరున్నర,
కాలవ ఇంకా నిద్రమొహంతోనే ఉంది.
జానెట్టాకి ఎనిమిదేళ్లు.
నిన్న బళ్లో పంతులమ్మ తలా ఒక మాట పంచింది.
ఒకడికి ‘నునుపు’, ఒకత్తెకి ‘బోలు’,
దీని చీటీలో పడింది ‘రుగోసో’.
అంటే ముడతలు పడినది.
అలాంటిదొకటి తెచ్చి బల్ల మీద పెట్టాలి,
ఆ మాట పుట్టిల్లెక్కడో చెప్పాలి.

కూరల పడవ అల్వీజే
ముడతల ఆకుల క్యాబేజీ ఒకటి ఎత్తి చూపాడు.
“తీసుకుపో. ఇన్ని ముడతలు మా అత్తగారికి కూడా లేవు.”
“దీని పుట్టిల్లు నీ పడవ. మాటది కాదుగా” అంది.
అక్రోటు, ఆల్చిప్ప, ఎండిన అత్తిపండు
ఒక్కొక్కటీ జేబులో వేసుకుంది,
ఒక్కొక్కటీ తీసి ఇచ్చేసింది.
అత్తిపండు మాత్రం తినేసింది.

వాళ్ల వీధి మొదట్లో నిచ్చెన, నిచ్చెన మీద ఫోస్కా.
వీధి పేరు రాసే తెల్లసున్నపు చదరాన్ని
ఆ ఊళ్లో చిన్నదుప్పటి అంటారు.
ఉప్పుగాలికి పెచ్చులూడిన దుప్పటిని
నిన్నంతా తాపీతో సాపు చేసింది,
కొత్త పెళ్లికూతురి పక్క వేసినట్టు, ఒక్క మడతా లేకుండా.
ఇవాళ దాని మీద నల్లరంగుతో దిద్దుతోంది:
రూగా

“రూగా అంటే ముడత కదా” కింద నుంచి జానెట్టా,
“మా వీధికి అదేం పేరు?”

ఫోస్కా కుంచె ఆగలేదు.
“నేను పెట్టానా? లాటిన్ వాళ్లు
మొహం మీద గీతని రూగా అన్నారు.
తర్వాత ఎవడో ఇళ్ల వరసల మధ్య సందు చూశాడు.
ఊరు నవ్విందనుకున్నాడో, ముసలిదైందనుకున్నాడో,
ఆ మాటే ఇక్కడ దింపి పోయాడు.
ఫ్రెంచివాళ్లు మధ్యలో ‘గ’ కొరికేసి ‘ర్యూ’ అంటున్నారు.
వాళ్లవీ ముడతలే, గుర్తులేదంతే.”

“లాటిన్ కంటే ముందు?”

“ముందు సంగతి నన్నడక్కు.
బకెట్లో కుంచెలున్నాయి, కడుగు.”

కడిగింది. నీళ్లు నల్లబడితే పారబోసి మళ్లీ తెచ్చింది.
అయితే తను రోజూ బడికి నడిచేది ఒక మొహం మీదా?
కుక్కని తిప్పే ముసలాయన, రొట్టెల బండి,
చక్రాల పెట్టెలు గడగడ లాక్కుపోయే యాత్రికులు,
అందరూ ఎవరిదో చెంప గీతలో వస్తూ పోతూ.
సముద్రం పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు
ఆ గీతలో నిండేవి కన్నీళ్లని నేను రాయను.
ఉప్పునీళ్లు, అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి
మన ‘ముడత’ని తడిమి చూసుకున్నాను.
ముడుచుకోవడంలోంచి వచ్చింది, ముడికి చుట్టం.
చర్మం ముడుచుకుంటే వయసంటాం,
తామర ముడుచుకుంటే సాయంత్రమంటాం.
కానీ మన మాట వీధి దాకా నడవలేదు,
నొసటి దగ్గరే కూర్చుండిపోయింది.

బడి గంట.
చేతులు పైకి తీస్తే పది వేలికొసలూ ముడతలు!
బొటనవేలి మీద రూగా, చిటికెనవేలి మీద రూగా.
ఇంకేం కావాలి,
పిడికిళ్లు బిగించి ఒకటే పరుగు
వంతెన ఎక్కి, వంతెన దిగి.

కానీ దాని ఇంటిపేరు జులియానీ,
అక్కడి అక్షరాల్లో చిట్టచివరిది.
నున్నటి గులకరాయి అయింది, బోలు గుమ్మడి అయింది,
‘జిగట’ తెచ్చినవాడి బల్ల తుడవడమే పావుగంట.
జానెట్టా వచ్చి పిడికిళ్లు తెరిచేసరికి
పదివేళ్లూ నున్నగా,
అప్పుడే ఇస్త్రీ చేసినట్టు.

వెనక బల్లలు నవ్వాయి.
“ఇందాక ఉన్నాయి” అంది.
“ఇందాక చాలా ఉన్నాయి.”

పంతులమ్మ కళ్లద్దాలు తలమీదికి తోసి
ఆ వేళ్ల మీదికి వంగి
లేనిదాని కోసం కళ్లు చికిలించింది.
కనుబొమల నడుమ
నిలువునా ఒక గీత లేచింది.

జానెట్టా వేలు చాపింది.
“అదుగో, మా వీధి.”